‘నేనిక్కడ కూర్చుంటాలే’ అననక్కర్లేని నడక

సిడ్నీలో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లల దగ్గరికి అమ్మానాన్నలు వస్తారు. వచ్చిన మొదటి శనివారమే ఊరు చూపిద్దామని బయల్దేరదీస్తాం. ఓ గంటన్నర నడిచాక వాళ్ళలో ఒకరు నెమ్మదిగా అంటారు: “మీరెళ్ళి చూసి రండమ్మా, నేనిక్కడ కూర్చుంటాలే.” ఆ గొంతులో ఫిర్యాదు ఉండదు. అందుకే మనం నమ్మేస్తాం. చేతిసంచీ, నీళ్ళ సీసా, మనవడి స్వెట్టరూ ఆవిడ ఒళ్ళో పెట్టి మిగతావాళ్ళం ముందుకు సాగిపోతాం. తిరిగొచ్చి ఫోటోలు చూపిస్తాం. “ఎంత బావుందో!” అంటుందావిడ, మనసారానే. కానీ దాదాపు 10 వేల కిలోమీటర్లు దాటి వచ్చిన మనిషి ఆ చోటుని మన ఫోన్లో చూడాల్సి వచ్చింది.

తేలికైన నడకకు ఈ అధ్యాయంలో నేను పెట్టుకున్న కొలత ఒక్కటే. ఆ మాట అనాల్సిన అవసరం ఎవరికీ రాకూడదు. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని వేల అడుగులు, ఎన్ని చూశాం అన్నవన్నీ దాని తర్వాతే. అందుకు సిడ్నీ రాయల్ బొటానిక్ గార్డెన్‌ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఇది 1816లో మొదలైన తోట, ఆస్ట్రేలియాలోకెల్లా పాత బొటానికల్ గార్డెన్. ఊరి నడిబొడ్డున, ఓ పక్క ఆఫీసుల మేడలు, ఇంకో పక్క సముద్రపు పాయ. విస్తీర్ణం సుమారు 30 హెక్టార్లు, అంటే 75 ఎకరాలకు కాస్త తక్కువ. ప్రవేశం ఉచితం. ఈ చివరి సంగతి బయల్దేరేముందే చెప్పండి. మన నాన్నల మొదటి ప్రశ్న “టికెట్టెంత?” అనే కదా. పిల్లల చేత ఖర్చు పెట్టిస్తున్నామన్న బెంగ లేకపోతే వాళ్ళ నడకే వేరుగా ఉంటుంది.

ముందు మోకాళ్ళు, తర్వాతే మ్యాపు

ప్లాను వేసేవాళ్ళు సాధారణంగా మ్యాపు ముందు పెట్టుకుంటారు. ఇది చూడాలి, అది చూడాలి అని గుర్తులు పెట్టి వాటిని కలుపుకుంటూ దారి గీస్తారు. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు ముందు తెలుసుకోవలసింది వాళ్ళ ఒంటి సంగతి. అడిగితే చెప్పరు. “నాకేం, దుక్కలా ఉన్నాను” అంటారు. కాబట్టి కనిపెట్టాలి.

వెళ్ళబోయే వారంలో ఓ సాయంత్రం ఇంటి చుట్టుపక్కల వీధుల్లో వాళ్ళతో మామూలుగా నడవండి. మీ నడక కాదు, వాళ్ళ నడక నడవండి. అలసట మొదలైనప్పుడు కొన్ని ఆనవాళ్ళు కనిపిస్తాయి. అప్పటిదాకా సాగుతున్న కబుర్లు ఆగిపోతాయి, అడిగినదానికి ఒక్క ముక్కలో జవాబొస్తుంది. చెప్పు సర్దుకునే నెపంతో ఆగుతారు. ఎవరింటి ముందో గులాబీ మొక్కను అవసరమైనదానికంటే ఎక్కువసేపు చూస్తారు. ప్రహరీ మీద ఓ క్షణం చెయ్యి ఆనిస్తారు. అలా మొదటిసారి ఆగేసరికి ఎన్ని నిమిషాలైందో మనసులో గుర్తుపెట్టుకోండి. తోటలో అంతకంటే కాస్త ముందే కూర్చోవాలి. అలిసిపోయాక కూర్చుంటే లేవడం కష్టం, అలవకముందు కూర్చుంటే అది విశ్రాంతిలా అనిపించదు, కబుర్లలా అనిపిస్తుంది. ఈ తేడాని ఎంత నొక్కి చెప్పినా తక్కువే.

ఇంకో సంగతి కూడా తేల్చుకోవాలి. ఇబ్బంది పెట్టేది మోకాళ్ళా, ఆయాసమా? రెంటికీ మందు ఒకటి కాదు. గుండె, ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవాళ్ళకి ఎక్కుడు కష్టం, దిగుడు సుఖం. కీళ్ళవాతం ఉన్నవాళ్ళకి చాలాసార్లు ఎక్కడం కంటే దిగడమే నరకం. దిగేటప్పుడు ఒంటి బరువుని అడుగడుక్కీ ఆపాల్సింది మోకాలే మరి. మెట్లెక్కేటప్పుడు ఏమీ అనని అమ్మ, దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుని పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ దిగుతుంటే అర్థం చేసుకోండి. ఈ తోటకి ఇది మరీ ముఖ్యం. ఎందుకంటే ఇక్కడి నేలంతా మాక్వారీ వీధి నుంచి సముద్రం వైపుకి వాలుగా దిగుతుంది.

రెండు దారులు

ఆయాసం వచ్చేవాళ్ళకి పైనుంచి కిందికి. రైల్లో వచ్చి, సెంట్రల్‌లో మెట్రోకి మారి మార్టిన్ ప్లేస్‌లో దిగొచ్చు. ఆ మెట్రో 2024 ఆగస్టులో తెరిచారు, స్టేషన్‌లో లిఫ్టులున్నాయి. అక్కణ్ణుంచి మాక్వారీ వీధి దాకా కాస్త ఎక్కుడుంది. ఈ దారి మొత్తానికీ ఎక్కుడంటే అదే, అది కూడా వద్దనుకుంటే కారులో స్టేట్ లైబ్రరీ దగ్గర దింపేయొచ్చు. లైబ్రరీకి ఎదురుగానే మోర్స్‌హెడ్ ఫౌంటెన్ గేటు. లోపలికి అడుగుపెట్టింది మొదలు నేల తనంతట తానే సముద్రం దాకా తీసుకెళ్తుంది. తాటిజాతి వనం, చెరువులు, పచ్చిక దాటి నీటి ఒడ్డున రాతిగోడ చేరతాం. గోడ పక్కనే ఎడమకి తిరిగితే ఆపెరా హౌస్ దగ్గరి క్వీన్ ఎలిజబెత్ గేటు వస్తుంది. బయటికొచ్చి నీటి వెంబడే సర్క్యులర్ కీ రైల్వేస్టేషన్‌కి చేరితే మొత్తం మీద రెండు కిలోమీటర్లు, కొంచెం అటూ ఇటుగా. వెనక్కి ఎక్కి రావలసిన పనిలేదు.

మోకాళ్ళ బాధ ఉన్నవాళ్ళకి పై గేటు జోలికే పోవద్దు. తిన్నగా సర్క్యులర్ కీలో దిగి ఆపెరా హౌస్ పక్క గేటులోంచి వెళ్ళి, రాతిగోడ వెంట మనకు ఎంత దూరం కావాలంటే అంత దూరం నడిచి, అదే దారిన వెనక్కి రావడమే. ఇదంతా చదును నేల. ఆ గోడ ఫార్మ్ కోవ్ అనే చిన్న సముద్రపు పాయ చుట్టూ నెలవంకలా తిరుగుతుంది. 19వ శతాబ్దంలో ఇసుకరాతితో కట్టింది. ఇక్కడ అలల హోరు ఉండదు. విశాఖ బీచ్ రోడ్డుకి అలవాటుపడ్డ కళ్ళకి ఇది ఊరచెరువులా అనిపిస్తుంది. తుంపర పడదు, దారి తడిసి జారదు, కర్ర పోటేసుకుని నడిచేవాళ్ళకి అదే పెద్ద భరోసా.

వెళ్ళిన దారినే తిరిగి రావడంలో ఇంకో వెసులుబాటు ఉంది. ఎక్కడైనా, ఏ క్షణంలోనైనా ఆపేయొచ్చు. చుట్టూ తిరిగొచ్చే దారి పెట్టుకుంటే సగంలో అలిసినా మిగతా సగం నడవక తప్పదు. ఇక్కడ ఆ బాధ లేదు. అయితే వెనక్కి తిరగాల్సిన చోటు ముందే అనుకోవాలి. “ఇంకొంచెం, అదిగో ఆ మలుపు దాకా” అంటూ పోతే తిరుగుదారి రెండింతలుగా తోస్తుంది. ఇంటిదగ్గర నడిచినప్పుడు ఎంతసేపటికి ఆగారో చూశారుగా, అంతసేపు కాగానే ఇంకా ఓపికుందన్నా సరే వెనక్కి తిరగండి. మిగిలిన ఓపిక కూర్చుని చూడటానికి పనికొస్తుంది.

ఎండ ఉత్తరాన ఉంటుంది

మన ఊళ్ళ నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు ఇక్కడ తికమకపడే సంగతి ఒకటుంది. భూమధ్యరేఖకి దక్షిణాన ఉన్నాం కనుక మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపుంటాడు. ఫార్మ్ కోవ్ నోరు ఉత్తరానికి తెరుచుకుని ఉంది. కాబట్టి రాతిగోడ వెంట దారికి పొద్దస్తమానం ఎండే. జూన్, జులై చలిలో ఇది వరం. ఉన్నిశాలువా కప్పుకుని గోడకి దగ్గరగా ఉన్న బెంచీ మీద కూర్చుంటే ఒంటికి వెచ్చగా తగులుతుంది, లేవబుద్ధి కాదు. డిసెంబరు, జనవరిల్లో అదే దారి పనికిరాదు. అప్పుడు ఉదయం ఏడింటికి గేటు తెరిచేసరికి అక్కడుండి, తొమ్మిదిన్నరకల్లా చెట్ల నీడకి చేరిపోవాలి.

మనవాళ్ళు చాలామంది కోస్తా, తెలంగాణ వేసవిని తప్పించుకుందామని ఏప్రిల్, మే నెలల్లో వస్తారు. అది ఇక్కడ శరదృతువు, చలికాలానికి ముందు. మే, జూన్ నెలల్లో నడకకి పది గంటలకి బయల్దేరడం మేలు. పొద్దు గుంకేది కూడా గుర్తుంచుకోండి. జూన్‌లో సాయంత్రం ఐదు కాకముందే సూర్యుడు దిగిపోతాడు, నడి శీతాకాలంలో తోట ఐదింటికే మూసేస్తారు. నడివేసవిలో రాత్రి ఎనిమిది దాకా తెరిచే ఉంచుతారు. భోంచేసి, కునుకు తీసి, టీ తాగి నాలుగింటికి బయల్దేరే మన అలవాటు ఇక్కడి చలికాలానికి కుదరదు.

“విజయవాడ ఎండ చూసినవాళ్ళం, ఇదో ఎండా?” అని నాన్నగారంటారు. వేడి సంగతి వేరు, అతినీలలోహిత కిరణాల సంగతి వేరు. ఇక్కడ గాలి చల్లగా ఉన్నా చర్మం కాలుతుంది. వాతావరణశాఖ రోజూ యూవీ సూచిక ప్రకటిస్తుంది. అది 3కి చేరిందంటే టోపీ, సన్‌స్క్రీన్ తప్పనిసరి. వేసవిలో అది 11 దాటడం మామూలే. వేసవి మధ్యాహ్నాల్లో దక్షిణం నుంచి ఒక్కసారిగా చలిగాలి విసురుతుంది, సదర్లీ బస్టర్ అంటారు. కొద్ది నిమిషాల్లోనే పది డిగ్రీలు పడిపోవచ్చు. పలచటి చీర కట్టుకున్న అమ్మ మీద ఆ గాలి ఎలా పనిచేస్తుందో చెప్పక్కర్లేదు. ఎంత ఎండగా ఉన్నా సంచిలో స్వెట్టరుండాలి.

మే చివర, జూన్ మొదట్లో వివిడ్ అనే దీపాల పండగకి సాయంత్రాలు సర్క్యులర్ కీ అంతా జనసముద్రం. దీపాలు చూడాల్సినవే, కానీ అది వేరే రోజు పని. నడకతో కలిపితే రెండూ చెడతాయి.

ఏం చూడాలి, ఏం వదిలేయాలి

75 ఎకరాలు ఒక్కరోజులో చూసేయాలన్న ఆత్రం మానుకోవాలి. నాలుగు చోట్లు ఎంచుకోండి. ప్రతి చోటా కూర్చునే వీలుండాలి, చెప్పుకోవడానికి ఓ సంగతి ఉండాలి. చెట్టు ముందు నిలబెట్టి “ఇది ఫలానా జాతి” అంటే పెద్దవాళ్ళకి ఏం పడుతుంది? ఆ చెట్టు ఎలా వచ్చిందో, ఏమైందో చెబితే వింటారు.

పైనుంచి వచ్చేవాళ్ళకి ముందు పామ్ గ్రోవ్ తగులుతుంది. తాటి, కొబ్బరి, ఈత కుటుంబానికి చెందిన దేశదేశాల చెట్ల వనం. అప్పటి డైరెక్టర్ చార్ల్స్ మూర్ 1862లో మొదలుపెట్టాడు. గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ కాసేపు ఆగుతారు, పైనున్న మట్టలని తేరిపార చూస్తారు, వాళ్ళే మనకి చెప్పడం మొదలుపెడతారు. ఒకప్పుడు ఈ చెట్లనిండా వేలాది గబ్బిలాలు వేలాడుతుండేవి. వాటి బరువుకీ గోళ్ళకీ పాత చెట్లు దెబ్బతింటున్నాయని, 2012లో పెద్దపెద్ద శబ్దాలు చేసి వాటిని వేరేచోటికి మళ్ళించారు.

తర్వాత వాలెమై పైన్. చూడ్డానికి ఆడంబరమేమీ లేదు, ముదురాకుపచ్చ రెమ్మలు, బుడిపెల బెరడు. కానీ దీని కథ పిల్లల్నీ పెద్దల్నీ ఒక్కలాగే కూర్చోబెడుతుంది. డైనోసార్ల కాలంనాటి ఈ వంశం శిలాజాల్లో తప్ప ఎక్కడా మిగల్లేదనుకున్నారు. 1994లో డేవిడ్ నోబుల్ అనే నేషనల్ పార్కుల ఉద్యోగి సిడ్నీకి వాయవ్యంగా ఉన్న కొండల్లో, ఓ ఇరుకు లోయలోకి తాడుతో దిగి దీన్ని సజీవంగా చూశాడు. అడవిలో ఎదిగిన చెట్లు వంద లోపే. 2019–20 కార్చిచ్చుల్లో అగ్నిమాపక సిబ్బంది హెలికాప్టర్లతో వెళ్ళి ఆ లోయని కాపాడుకున్నారు. ఈ తోటలో మొదట నాటిన మొక్కని ఎవరూ ఎత్తుకుపోకుండా ఇనప పంజరంలో పెంచారు. మన నర్సరీల్లో క్రిస్మస్ చెట్టని కుండీల్లో అమ్మే అరకేరియాకి ఇది దగ్గరి బంధువు.

మూడోది పచ్చిక. అక్కడ మోర్టన్ బే ఫిగ్ అనే మహావృక్షాలు కనిపిస్తాయి. మర్రి, రావి, మేడి కుటుంబమే. మర్రికిలా ఊడలు పెద్దగా దిగవు గాని, వేళ్ళు నేలమీద నడుమెత్తు గోడల్లా లేస్తాయి. వేసవిలో వీటి కింద కూర్చోవడమే నడకంతటికీ పెద్ద సుఖం. ఈ తోటలో పచ్చిక మీద నడవొద్దనే బోర్డులు పెట్టరు. పైగా నడవండి, చెట్లని కౌగలించుకోండి, పచ్చిక మీద కూర్చుని తినండి అని ఆహ్వానిస్తారు. ఊళ్ళో రావిచెట్టు చుట్టూ ప్రదక్షిణాలు చేసే అత్తగారు ఇక్కడ ఓ వేరుమీద అరచెయ్యి ఆనించి నిలబడితే తొందరపెట్టకండి. ఆవిడ చూస్తున్నది మీ జాబితాలో లేదు.

నాలుగోది ఒడ్డుకి దగ్గర్లో, తోట మధ్యలో ఉన్న పాత పొలం జాగా. దీని దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇక్కడి తెలుగువాళ్ళకి దీంతో నిజంగా సంబంధం ఉంది. 1788లో మొదటి ఓడల్లో వచ్చిన బ్రిటిషువాళ్ళు గాడిగల్ ప్రజల ఈ నేలలో మొక్కజొన్న, గోధుమ విత్తారు. ఫార్మ్ కోవ్ అన్న పేరు అలా వచ్చిందే. పంట సరిగా రాలేదు. ఓసారి మా నాన్నని అక్కడ కూర్చోబెట్టి ఈ కథ చెబుతుంటే, ఆయన మధ్యలోనే లేచి పాదు అంచున మన్ను చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి చూశారు. “ఇప్పుడేసిన ఎరువు వదిలేయ్, అడుగునిది ఇసక నేల. పశువుల ఎరువు లేకుండా దీంట్లో మొక్కజొన్నేం పండుతుంది? వాళ్ళకి గొడ్లెన్ని ఉన్నాయి?” అన్నారు. నిజమే, సిడ్నీ తీరపు నేల ఇసుకరాయి అరిగి ఏర్పడిన బీదనేల. ఆ వలసలో ఆవులూ ఎద్దులూ కలిపి పట్టుమని పదిలేవు, ఉన్న కాసిని గొడ్లూ అడవిలోకి తప్పించుకుపోయాయి. పొలం పనులు తెలిసినవాళ్ళు కూడా తక్కువే. ఆ ఏడాది చివర్లోనే గవర్నర్ ఫిలిప్ మంచి నేల వెతుక్కుంటూ నది వెంట లోపలికి, నేటి పారమట్టాకి సాగుని మళ్ళించాడు. అక్కడ జేమ్స్ రూజ్ అనే శిక్షపడి వచ్చిన రైతు, 30 ఎకరాల్లో ప్రయోగంగా సేద్యం చేసి, 1791 నాటికి తన తిండి తానే పండించుకోగలనని చూపించాడు. ఆ ఎక్స్‌పెరిమెంట్ ఫామ్ ఉన్నది హారిస్ పార్కులో. ఔను, మనం దోసెలకీ బిర్యానీకీ పోయే హారిస్ పార్కులోనే. రైతు కుటుంబం నుంచి వచ్చిన పెద్దలకి ఇది చెప్పండి. ఆ తర్వాత వాళ్ళు అడిగే ప్రశ్నలకి మీ దగ్గర జవాబులుండవు. వాళ్ళే ఊహించి చెబుతారు, వినండి.

వదిలేయవలసింది ఒకటుంది, చెప్పడానికి మనసొప్పకపోయినా చెబుతున్నాను. తోటకి తూర్పు చివర మిసెస్ మాక్వారీస్ చెయిర్. తర్వాతి కాలపు గవర్నరు మాక్వారీ భార్య ఎలిజబెత్ కోసం ఖైదీలు కొండరాతిలో చెక్కిన ఆసనం. అక్కణ్ణుంచి ఆపెరా హౌస్, దాని వెనక హార్బర్ బ్రిడ్జి ఒకే చట్రంలో కనిపిస్తాయి. అందరి ఫోటోల్లోనూ ఉండేది ఆ దృశ్యమే. ఆపెరా హౌస్ గేటు నుంచి అక్కడికి పాయ చుట్టూ తిరిగి వెళ్ళాలి, మన నడకకి ఇరవై నిమిషాలకి పైమాటే. తిరిగి రావడం అంతకి అంత. పాపం, “మీరెళ్ళి రండి” అన్న మాట ఎక్కువగా వినపడేది ఈ దారిలోనే. దాన్ని ఇంకో రోజు కారులో వెళ్ళి చూడండి, రోడ్డు అక్కడి దాకా ఉంది. ఉదయం పూట వెళ్తే వెలుగు మన వీపు వైపునుంచి పడి ఫోటో కూడా బాగా వస్తుంది.

పువ్వులు మాత్రం ఋతువుని బట్టి. చలికాలంలో కెమేలియాలు, ఆగస్టులో మన తుమ్మకి చుట్టమైన వాటిల్ పసుపుపచ్చని పూత, సెప్టెంబరు నుంచి గులాబీలు, అక్టోబరు చివర జకరండా. పిల్లలు వెంట ఉంటే కేలిక్స్ అనే మొక్కల ప్రదర్శనశాలలో పువ్వుల గోడ చూపించండి, చాలు.

సంచిలో ఏముండాలి

పెరుగన్నం, పులిహోర నిక్షేపంగా తీసుకెళ్ళొచ్చు, పచ్చిక మీద కూర్చుని తినొచ్చు. కానీ కింద కూర్చోలేని పెద్దల కోసం తేలికపాటి మడత కుర్చీ ఒకటి వెంట ఉండాలి. పిల్లలంతా దుప్పటి మీద కూర్చుంటే తాతగారొక్కరూ దూరంగా బెంచీ మీద తినడం బాగుండదు. బెంచీ ఎంచుకునేటప్పుడు కూడా వెనక ఆనుకునే వీలు, చేతులు ఆనించి లేవడానికి ఆసరా ఉన్నదే చూడండి. రాతిగోడ మీద కూర్చోబెట్టకండి, ఎత్తు తక్కువ, లేవలేరు.

డబ్బా మూత తీయగానే ఐబిస్‌లు చుట్టూ చేరతాయి. నల్లటి పొడుగు ముక్కు, తెల్లటి ఒళ్ళు, ఏమాత్రం భయం లేని పక్షి. పసుపు జుట్టు కకాటూలు అంతకంటే గడుసువి. వాటికేమీ పెట్టొద్దని తోటవాళ్ళ నియమం, వాటి ఆరోగ్యం కోసమే. మన పెద్దలకి ఇది మింగుడుపడదు, పక్షికి మెతుకు వేయడం పుణ్యం కదా. దారిలోనే ముందుగా చెప్పి ఉంచండి.

షుగరున్నవాళ్ళు మామూలు భోజనవేళ దాటనివ్వకూడదు. జేబులో రెండు గ్లూకోజు బిళ్ళలో, బెల్లంముక్కో ఉండాలి. వాడే మందుల పేర్లు ఓ కాగితం మీద రాసి వాళ్ళ జేబులోనే పెట్టండి. మన దేశం నుంచి చూడ్డానికి వచ్చినవాళ్ళకి ఇక్కడి మెడికేర్ వర్తించదు, కనుక ఇన్సూరెన్సు నంబరు కూడా అందులోనే రాయండి. అత్యవసరానికి 000. కొత్త బూట్లు ఆరోజే తొడగనివ్వకండి, ఇంట్లో వారం రోజులు అలవాటయ్యాకే.

టాయిలెట్లు ఎక్కడున్నాయో మ్యాపులో ముందే చూసి పెట్టుకోండి. ఈ ఒక్క కారణంతో ఉదయం నుంచి మంచినీళ్ళు తాగకుండా వచ్చే అమ్మలున్నారు. వాళ్ళు అడగరు. తోట మధ్యలో కెఫే దగ్గర ఉన్నాయి, సర్క్యులర్ కీలోనూ ఉన్నాయి. “ఇక్కడ బాత్రూములు శుభ్రంగా ఉన్నాయి, నేను వెళ్ళొస్తాను, నువ్వూ రా” అని కోడలో కూతురో అంటే ఆ మొహమాటం తీరిపోతుంది. నీళ్ళు కూడా తాగుతారు.

తిరుగు ప్రయాణం, రెండోసారి

పారమట్టా, వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్ వైపు ఉండేవాళ్ళు ఇంటికి రైల్లో కాకుండా ఫెర్రీలో రావడం గురించి ఆలోచించండి. సర్క్యులర్ కీ నుంచి పారమట్టాకి ఎఫ్3 ఫెర్రీ. గంటన్నర దాకా పడుతుంది, రైలు కంటే ఆలస్యమే. కానీ ఆ గంటన్నరా కూర్చునే హార్బర్ బ్రిడ్జి కిందుగా, దీవుల పక్కగా, మడచెట్ల మధ్యగా వెళ్తారు. నడిచి చూడలేనిదంతా నీళ్ళమీద కూర్చుని చూస్తారు. పొలం వెతుక్కుంటూ ఫిలిప్ పడవల్లో వెళ్ళిన నది కూడా ఇదే. పోటు బాగా తగ్గినప్పుడు ఫెర్రీ రైడల్‌మియర్‌లో ఆగిపోతుంది, అక్కణ్ణుంచి బస్సు ఉంటుంది. బయల్దేరేముందు టైంటేబుల్‌లో ఇది చూసుకోండి, లేకపోతే అలిసిన కాళ్ళతో బస్సు మారాలి. శుక్ర, శని, ఆదివారాల్లో ఓపల్ కార్డుకి రోజుమొత్తం ఛార్జీ పరిమితి తక్కువ. ఈ సంగతి కూడా నాన్నగారికి చెప్పండి.

ఇంటికి చేరిన రాత్రి “ఎలా ఉంది?” అని అడిగితే “బావుంది” అనే అంటారు. మర్నాడు పొద్దున్న మంచం దిగి వేసే మొదటి నాలుగడుగులు చూడండి. మామూలుగా ఉంటే దూరం సరిపోయినట్టు. గోడ పట్టుకుంటే వచ్చేసారి నాలుగు చోట్లని రెండు చేయండి. వాళ్ళంతట వాళ్ళే ఊళ్ళోవాళ్ళకి ఫోన్ చేసి వాలెమై చెట్టు గురించో, ఇసక నేలలో పండని మొక్కజొన్న గురించో చెబుతుంటే, మళ్ళీ తీసుకెళ్ళే రోజు అప్పుడే ఖాయం చేసేయండి.

రెండోసారి మ్యాపు వాళ్ళ చేతికివ్వండి. అక్షరాలు చిన్నవి కాబట్టి పెద్దగా ప్రింటు తీసి, బెంచీలకి, టాయిలెట్లకి, మెట్లున్న చోట్లకి ఎర్రపెన్నుతో గుర్తులు పెట్టి, శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక బల్లమీద పరవండి. ఎక్కడ మొదలెట్టాలో, ఎక్కడ కూర్చోవాలో వాళ్ళనే గీయమనండి. నాన్నగారు కళ్ళజోడు తుడుచుకుని, అమ్మని పిలిచి, ఈ చెరువు పక్కన బెంచీ ఉందా లేదా అని వాదన మొదలుపెడతారు. మీరు మధ్యలో కల్పించుకోకుండా, రేపటి ఫెర్రీ వేళలు చూసి పెట్టండి.